వైవాహిక స్థితి – వ్యక్తిగత సంతోషం

పెళ్లి కానివారు, అయినవారు, విడిగా ఉంటున్నవారు, విడాకులు పొందినవారు, జతను పోగొట్టుకున్నవారు – ఈ అయిదు స్థితులకూ, మనిషి తన బతుకు గురించి తాను చెప్పుకునే తృప్తికీ మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించే అంశం ఇది. సామాజిక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, అర్థశాస్త్రం, ప్రజారోగ్యం నాలుగూ దీని మీద పనిచేశాయి. సర్వేలు జరిగిన దేశాలన్నిటా దాదాపు ఒకే ఫలితం వచ్చింది. సగటున చూస్తే పెళ్లయినవారే తాము ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెబుతారు. ఆ తేడా నిజమైనదే, అయితే చిన్నది. అందులో కొంత పెళ్లికి ముందునుంచే ఉన్నది. మిగిలినదానిలో ఎక్కువ పాలు కాపురం తీరుది. మన దేశం వరకూ వస్తే ఇంకో మాట కూడా చేర్చక తప్పదు: పెళ్లికి బయట ఉన్నవారి బాధలో పెద్ద భాగం చుట్టూ ఉన్న సమాజం పెట్టినదే.

లెక్క మొదలైన తీరు

ఈ విషయంలో తొలి లెక్కలు చావుల లెక్కలు. బ్రిటిష్ గణాంకవేత్త విలియం ఫార్ 1858లో ఫ్రాన్స్ జనాభా వివరాలను పెళ్లయినవారు, కానివారు, జతను పోగొట్టుకున్నవారు అని మూడు రాసులుగా పోసి చూశాడు. పెళ్లయినవారిలో మరణాల రేటు తక్కువగా కనబడింది. ఆ తర్వాత 1897లో ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ దుర్కెమ్ ఆత్మహత్యల మీద తన గ్రంథం వెలువరించాడు. కుటుంబం మనిషిని సమాజానికి కట్టి ఉంచుతుందనీ, ఆ కట్టు వదులైనప్పుడు బతుకు మీద పట్టు తప్పుతుందనీ అతని వాదం. పెళ్లి మేలు చేస్తుందనేవారు నేటికీ దుర్కెమ్‌ను సాక్ష్యానికి పిలుస్తుంటారు. అతని పట్టికలను ఓపికగా చదివినవారికి మరో సంగతి కూడా కనబడుతుంది. పెళ్లి మగవారిని కాచినంతగా ఆడవారిని కాయలేదు. పిల్లలు లేని వివాహితల్లో ఆత్మహత్యల రేటు అదే వయసు అవివాహితలకన్నా ఎక్కువగా ఉంది. మరీ చిన్న వయసులో జరిగిన పెళ్లిళ్లు కీడే చేశాయి.

ఆ దారాన్ని 1972లో అమెరికన్ సామాజికవేత్త జెస్సీ బెర్నార్డ్ మళ్లీ అందుకుంది. ప్రతి పెళ్లిలోనూ భర్త చూసే పెళ్లి ఒకటి, భార్య చూసే పెళ్లి మరొకటి ఉంటాయని, మొదటిది రెండోదానికన్నా ఎంతో సుఖమైనదని ఆమె వాదించింది. పెళ్లి ఆడవారికి నష్టమేనన్న ఆమె తీర్మానం తర్వాతి పాశ్చాత్య సర్వేల ముందు నిలవలేదు. అక్కడ ఆడవారికీ మగవారికీ సుమారుగా ఒకే తేడా కనబడుతోంది. అయితే ఇద్దరినీ విడివిడిగా అడగాలన్న పద్ధతి మాత్రం ఆ పుస్తకంతోనే గట్టిపడింది.

అదే 1972లో షికాగో విశ్వవిద్యాలయంలోని ఒక పరిశోధన కేంద్రం 'జనరల్ సోషల్ సర్వే' ప్రారంభించింది. 'మొత్తం మీద మీరు చాలా సంతోషంగా ఉన్నారా, ఒక మాదిరిగా ఉన్నారా, అంతగా లేరా?' అని అది విడతలు విడతలుగా అడుగుతూనే వచ్చింది. విడత ఏదైనా పెళ్లయినవారే ముందున్నారు. 1998లో స్టాక్, ఎషల్‌మన్ అనే పరిశోధకులు 17 దేశాల వివరాలు తీసి చూస్తే 16 దేశాల్లో ఇదే ఫలితం వచ్చింది. 2000లో మనస్తత్వవేత్త ఎడ్ డీనర్ బృందం 42 దేశాల్లో 59,169 మంది జవాబులను పరిశీలించింది. పెళ్లి లేకుండా కలిసి ఉండేవారికీ పెళ్లయినవారికీ తేడా వ్యక్తి స్వేచ్ఛకు పెద్దపీట వేసే దేశాల్లో తక్కువగానూ, బంధువర్గం మాట చెల్లుబాటయ్యే దేశాల్లో ఎక్కువగానూ ఉందని తేల్చింది. చుట్టూ ఉన్నవారి ఆమోదం కూడా సంతోషం లెక్కలోకి వస్తోందన్నమాట.

అడగడంలోనే ఉన్న చిక్కు

ప్రశ్న చూడటానికి చిన్నదే. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఒకటి ఊహించుకోమంటారు. మీకు దొరకగల అతి మంచి బతుకు పై మెట్టు, అతి అధ్వానమైనది కింది మెట్టు. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? 1965లో మనస్తత్వవేత్త హాడ్లీ కాంట్రిల్ వాడుకలోకి తెచ్చిన ఈ నిచ్చెనే ఇవాళ గాలప్ ప్రపంచ సర్వేకూ, 2012 నుంచి వస్తున్న ప్రపంచ సంతోష నివేదికకూ ఆధారం.

తెలుగులో ఇదే అడగాలంటే ముందు మాట దగ్గరే ఆగాలి. సంతోషం ఒక పూట వచ్చి పోయేది. తృప్తి నిలిచి ఉండేది, 'ఇక చాలు' అనుకోవడం కూడా దానిలో కలిసి ఉంది. సుఖం అన్నది ముఖ్యంగా ఆడపిల్ల కాపురానికి వాడే మాట. పండక్కి పుట్టింటికి వచ్చిన కూతుర్ని తల్లి అడిగేది 'సుఖంగా ఉన్నావా అమ్మా?' అనే. 'బాగానే ఉన్నానమ్మా' అంటుంది కూతురు. ఆ 'బాగానే'లోని ఒక్క 'నే' ఏం చెబుతోందో తల్లి చెవికి అందుతుంది. ప్రశ్నావళిలో దానికి గడి లేదు.

ఇంటిగుట్టు బయటపెట్టకూడదన్నది మన ఇళ్లలో చిన్నప్పటినుంచీ నేర్పే పాఠం. అత్తగారు పక్క గదిలో ఉండగా, తలుపు తీసి ఉండగా, కాగితాలు పట్టుకొచ్చిన కొత్త మనిషికి కోడలు ఏం చెబుతుంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ సంగతి గ్రహించి గృహహింస ప్రశ్నలకు ప్రత్యేక నియమం పెట్టుకుంది. ఇంటికి ఒక్క స్త్రీనే ఎంచుకుంటారు. ఏకాంతం దొరికితేనే అడుగుతారు, లేకపోతే ఆ భాగం వదిలేస్తారు. సంతోషం గురించిన ప్రశ్నలకు మామూలు సర్వేల్లో అంత జాగ్రత్త అరుదు.

ఎదుట ఎవరున్నారన్నది ఎంత ముఖ్యమో, దాన్ని తప్పుగా చదివితే ఎంత అనర్థమో 2019లో ఒక ఉదంతం చూపింది. లండన్ ఆచార్యుడు పాల్ డోలన్ హే సాహిత్య ఉత్సవంలో మాట్లాడుతూ, భర్త గదిలో ఉన్నప్పుడే వివాహితలు సంతోషంగా ఉన్నామంటారనీ, అతను లేనప్పుడు అసలు సంగతి బయటపడుతుందనీ అన్నాడు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. తర్వాత గ్రే కింబ్రో అనే అర్థశాస్త్రవేత్త మూల సమాచారం తీసి చూశాడు. ఆ అమెరికన్ సర్వేలో 'జీవిత భాగస్వామి లేరు' అంటే ఆ ఇంట్లో కాపురం ఉండటం లేదని అర్థం. గదిలోంచి బయటికి వెళ్లాడని కాదు. డోలన్ పొరపాటు ఒప్పుకొని దిద్దుకున్నాడు. ఆ దిద్దుబాటు మాత్రం మొదటి మాట పాకినంత దూరం పాకలేదు. పెళ్లి, సంతోషం అన్న రెండు మాటలు ఒక వార్తలో కలిస్తే, అటు పొగిడేవారూ ఇటు తెగిడేవారూ అడగకుండానే నమ్మేస్తారు. పాఠకులు ఈ విషయంలో జాగ్రత్తగా ఉండటం మంచిది.

ఇంతకన్నా లోతైన చిక్కును అమర్త్యసేన్ ఎత్తిచూపాడు. బెంగాల్ కరువు మరుసటి ఏడు, 1944లో, కలకత్తా దగ్గరి సింగూరులో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ ఒక సర్వే జరిపింది. భార్యను పోగొట్టుకున్న మగవారిలో 48.5 శాతం మంది జబ్బుగా ఉన్నామనో, ఒంట్లో అంత బాగాలేదనో చెప్పారు. భర్తను పోగొట్టుకున్న ఆడవారిలో అలా చెప్పినవారు 2.5 శాతమే. 'అంత బాగాలేదు' అన్న ఒక్క జవాబునే తీసుకుంటే మగవారు 45.6 శాతం, ఆడవారు ఒక్కరూ లేరు. ఆనాటి బెంగాల్ పల్లెలో వితంతువు విధురుడికన్నా ఆరోగ్యంగా బతికిందని ఎవరూ నమ్మరు. తనకంటూ ఒంట్లో బాగుండటం, లేకపోవడం అనేవి ఉంటాయన్న ఆలోచనే ఆమెకు మిగలలేదు. దీర్ఘకాలం లేమిలో ఉన్నవారు తమ ఆశలను ఉన్నదానికి సరిపడా కుదించుకుంటారనీ, అందుచేత వారు చెప్పే తృప్తిని వారి బాగుకు కొలతగా తీసుకోకూడదనీ సేన్ వాదించాడు. ఈ మొత్తం రంగంలో నేను అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోదగినదిగా భావించే అంకెలు ఈ సింగూరువే.

పెళ్లి సంతోషాన్ని తెస్తుందా, సంతోషంగా ఉన్నవారికే పెళ్లవుతుందా

ఒకసారి అడిగి వదిలేసే సర్వే ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అదే మనిషిని పెళ్లికి ముందూ, పెళ్లయ్యాకా, ఏటేటా అడగాలి. జర్మనీలో 1984 నుంచి జరుగుతున్న సామాజిక–ఆర్థిక పానెల్ ఆ పని చేసింది. రిచర్డ్ లూకస్, ఆండ్రూ క్లార్క్, జార్జెలిస్, డీనర్ కలిసి ఆ పానెల్‌లోని 24,000 మందికి పైగా మనుషుల 15 ఏళ్ల జవాబులను 2003లో విశ్లేషించారు. పెళ్లి ముందూ వెనకా తృప్తి కాస్త పైకి లేచింది. కొద్ది ఏళ్లలోనే సగటు మనిషి తన పాత మట్టానికి దిగివచ్చాడు. పెళ్లి చేసుకుని నిలబెట్టుకున్నవారు పెళ్లికి చాలా ముందే మిగిలినవారికన్నా కొంచెం తృప్తిగా ఉన్నవారని కూడా తేలింది. 2006లో స్టుట్జర్, ఫ్రై అదే పానెల్ నుంచి ఇదే మాట బలపరిచారు: సంతోషంగా ఉండే ఒంటరివారికి పెళ్లి అయ్యే అవకాశం ఎక్కువ.

అదే ఏడాది జిమర్‌మన్, ఈస్టర్లిన్ అవే వివరాలతో వేరే తీర్పు ఇచ్చారు. పోల్చవలసింది పెళ్లికి ముందటి ఏడాదితో కాదు, జంటగా బతకడం మొదలు పెట్టకముందటి రోజులతో. అలా పోలిస్తే లాభం కొంత నిలిచే ఉందని వారంటారు. ఈ తగవు ఇంకా పూర్తిగా తీరలేదు.

జర్మన్ అధ్యయనంలో వార్తల్లోకి రాని సంగతి ఒకటుంది. సగటు మనిషి పాత మట్టానికి వచ్చాడన్నది నిజమే. ఆ సగటు కింద రెండు గుంపులున్నాయి. పెళ్లితో బాగా పైకి లేచినవారు ఏళ్ల తర్వాత కూడా పైనే ఉన్నారు. పెళ్లితో కిందికి పోయినవారు కిందే ఉండిపోయారు. ఒకరి లాభం, ఒకరి నష్టం కలిసి సగటులో సున్నా అయ్యాయి. 'పెళ్లి వల్ల ఏమీ మారదు' అని దీన్ని చదవడం తప్పు. కొందరికి చాలా మారింది, రెండు వైపులకూ.

పోగొట్టుకోవడం, విడిపోవడం

1967లో హోమ్స్, రాహే అనే అమెరికన్ వైద్యులు జీవితంలోని ఒడిదుడుకులకు మార్కులు వేసి ఒక పట్టిక తయారుచేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, విడాకులకు 73, విడిగా ఉండటానికి 65. పెళ్లికి కూడా 50 వేశారు, అది శుభమే అయినా బతుకును కుదిపేదే కనుక. ఆ మొదటి అంకెకు తగిన సాక్ష్యం రెండేళ్లకే వచ్చింది. 55 ఏళ్లు దాటిన 4,486 మంది విధురులను అనుసరించిన బ్రిటిష్ అధ్యయనం, భార్య పోయిన తొలి ఆరు నెలల్లో వారి మరణాల రేటు మామూలుకన్నా 40 శాతం ఎక్కువని 1969లో ప్రకటించింది. జర్మన్ పానెల్‌లో జతను పోగొట్టుకున్నవారు తమ పూర్వపు తృప్తికి దరిదాపుల్లోకి రావడానికి సగటున ఎనిమిదేళ్లు పట్టింది.

విడాకుల తీరు వేరు. అక్కడ దిగజారడం కోర్టు గుమ్మం ఎక్కడానికి ఎంతో ముందే మొదలవుతుంది. లూకస్ 2005లో చూపినట్టు తర్వాత కొంత కోలుకుంటారు, పూర్తిగా మాత్రం కాదు. పైగా ముందు ముందు విడిపోబోయేవారు పెళ్లికి ముందే మిగిలినవారికన్నా కాస్త తక్కువ తృప్తితో ఉన్నారు. బ్రిటన్ వివరాలతో గార్డ్‌నర్, ఆస్వాల్డ్ 2006లో చేసిన పరిశీలనలో, విడిపోవడానికి రెండేళ్ల ముందుకన్నా రెండేళ్ల తర్వాత ఆడామగా ఇద్దరి మానసిక భారమూ తగ్గింది. రెండు ఫలితాలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి. విడాకులు పొందినవారిని సుఖంగా కాపురం చేసేవారితో పోలిస్తే వెనకబడి ఉంటారు, తమ చివరి కాపురం రోజులతో పోలిస్తే ముందుంటారు. విడిపోవాలా వద్దా అని ఆలోచించే మనిషికి పనికొచ్చేది రెండో పోలికే. పెద్దల పంచాయితీల్లో వినబడేది ఎప్పుడూ మొదటిదే.

కాపురం తీరు

వివాహితులందరినీ ఒక గంపలో వేయడమే తప్పని గత పాతికేళ్ల పరిశోధన చెబుతోంది. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియాన్ హోల్ట్–లన్‌స్టాడ్ 2008లో పెళ్లయినవారికీ ఒంటరివారికీ రోజంతా రక్తపోటు కొలిచే పరికరాలు తగిలించింది. మంచి కాపురం ఉన్నవారి రక్తపోటు అందరికన్నా మెరుగు. ఒంటరివారు మధ్యలో ఉన్నారు. కలతల కాపురం చేస్తున్నవారు ఒంటరివారికన్నా కింద ఉన్నారు.

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్–గ్లేసర్ 2005లో చేసిన ప్రయోగం ఇంకా ముందుకు వెళ్లింది. 42 జంటలను ఆస్పత్రిలో ఉంచి, వారి చేతుల మీద చిన్న బొబ్బలు తెప్పించి, అవి మానే వేగాన్ని రోజూ చూశారు. మొదటిసారి దంపతులు ఒకరికొకరు ఊతమిచ్చే మాటలు మాట్లాడుకోవాలి, రెండోసారి తగవున్న విషయం చర్చించుకోవాలి. ఎప్పుడూ కసురుకుంటూ మాట్లాడుకునే జంటల్లో గాయం మానే వేగం మిగిలినవారి వేగంలో 60 శాతమే. ఇంట్లో మాట తీరు ఒంటి మీద పుండు దాకా పోతుందన్నమాట.

మంచి వైపు చూస్తే, షాన్ గ్రోవర్, జాన్ హెలివెల్ బ్రిటన్ వివరాల నుంచి 2014లో తేల్చిన ఫలితం ఎక్కువగా ప్రస్తావనకు వస్తుంది. 'నీ అత్యంత సన్నిహిత స్నేహితులెవరు?' అన్న ప్రశ్నకు భార్యనో భర్తనో చెప్పినవారికి పెళ్లి వల్ల కలిగిన తృప్తి మిగతావారికన్నా సుమారు రెట్టింపు. నడివయసులో చాలామందికి వచ్చే నిస్పృహ కూడా వివాహితులకు తక్కువగా తగిలింది.

పెద్దలు కుదిర్చిన పెళ్లి, ప్రేమ పెళ్లి

ఈ చర్చ వస్తే ఇంటర్నెట్టులోనూ, పెళ్లి సంబంధాల సంస్థల ప్రచారంలోనూ తరచూ కనిపించేది జైపూర్‌లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ 1982లో ప్రచురించిన అధ్యయనం. ప్రేమించి చేసుకున్నవారిలో మొదటి ప్రేమ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుందనీ, కుదిర్చిన పెళ్లిళ్లలో పెరుగుతూ పోతుందనీ అందులోని ఫలితం. విన్నవారికి వెంటనే నచ్చే మాట ఇది. కాని ఆ అధ్యయనంలో ఉన్నవి మొత్తం 50 జంటలు. వేర్వేరు వయసుల జంటలను ఒకేసారి అడిగారే తప్ప, ఒక జంట వెంట ఏళ్ల తరబడి నడవలేదు. అంత చిన్న పునాది మీద అంత పెద్ద తీర్పు నిలబెట్టకూడదు.

చైనాలోని చెంగ్డూలో షు షియావ్‌హ, మార్టిన్ వైట్ 586 మంది భార్యలను అడిగి 1990లో వెలువరించిన ఫలితం దీనికి పూర్తిగా ఎదురు. పెళ్లయి ఎన్నేళ్లయినా సరే, తాము కోరుకున్నవాణ్ణి చేసుకున్నవారే ఎక్కువ తృప్తిగా ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన భారతీయుల మీద పమేలా రీగన్ బృందం 2012లో చేసిన అధ్యయనంలో రెండు రకాల పెళ్లిళ్లకూ తేడాయే కనబడలేదు. నేపాల్‌లోని చిత్వన్ లోయలో కీరా అల్లెన్‌డార్ఫ్, దీర్ఘ ఘిమిరే 2013లో చూపిన సంగతి నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా తోస్తుంది. పెళ్లి ఎవరు కుదిర్చినా, ఆ ఎంపికలో అమ్మాయికీ అబ్బాయికీ ఎంత మాట చెల్లిందన్నది కాపురం నాణ్యత మీద ప్రభావం చూపుతోంది. చదువు కూడా అంతే.

మన దేశంలో ఆ మాట ఎంత చెల్లుతోంది? 2011–12 భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం తమ భర్తను తామే ఎంచుకున్నామని చెప్పిన వివాహితలు నూటికి అయిదుగురు లోపే.

తెలుగు నేల మీద

తెలుగువారిలో ఈ అంశానికి ఒక మౌలికమైన ఇబ్బంది ఉంది. దాదాపు అందరికీ పెళ్లవుతుంది కనుక పోలిక పెట్టడానికి రెండో పక్షం సరిగా దొరకదు. నలభై దాటినా పెళ్లి కాని కొద్దిమందీ ఆరోగ్యం వల్లనో, పేదరికం వల్లనో, ఇంటి బాధ్యతల వల్లనో ఆగిపోయినవారు అయితే, వారి అసంతృప్తికి అసలు కారణం పెళ్లి లేకపోవడమా, దానికి అడ్డొచ్చిన పరిస్థితా అన్నది విడదీయలేం.

పెళ్లయినవారి వైపు అంకెలు కలవరపెట్టేవే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18–49 ఏళ్ల మధ్య పెళ్లయిన స్త్రీలలో భర్త చేతిలో హింసకు గురైనవారు దేశం మొత్తం మీద 29.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం తప్పు కాదని చెప్పిన స్త్రీలు రెండు రాష్ట్రాల్లోనూ 83 శాతానికి పైగానే ఉన్నారు. సింగూరు వితంతువుల మౌనం ఇక్కడ మాటగా మారి వినిపిస్తోంది. హింసకు గురైనవారిలో సాయం కోరినవారు దేశంలో 14 శాతమే.

జాతీయ నేర నమోదు సంస్థ 2021 నివేదికలో 1,64,033 ఆత్మహత్యలు నమోదైతే అందులో గృహిణులు 23,179 మంది, అంటే రోజుకు సగటున 63 మంది. మొత్తంలో మూడింట రెండు వంతులు వివాహితులన్న మాటను పట్టుకుని పెళ్లే చంపుతోందని రాసేవారున్నారు. వయోజనుల్లో అత్యధికులు వివాహితులే అయిన దేశంలో ఆ నిష్పత్తి ఒక్కటే ఏమీ రుజువు చేయదు. ఇంతకన్నా జాగ్రత్తగా చేసిన విశ్లేషణ 2018లో లాన్సెట్ ప్రజారోగ్య పత్రికలో వచ్చింది. ప్రపంచంలోని స్త్రీల ఆత్మహత్యల్లో 36.6 శాతం భారత్‌లోనే జరుగుతున్నాయనీ, ఇక్కడి ఆడవారికి పెళ్లి ఇచ్చే రక్షణ తక్కువనీ అది చెప్పింది. చిన్న వయసు పెళ్లి, తొందరగా తల్లికావడం, గృహహింస, డబ్బుకు మరొకరి మీద ఆధారపడటం అందుకు కారణాలుగా చూపింది.

ఇక పెళ్లికి బయట ఉన్నవారి సంగతి. వైవాహిక స్థితిని బట్టి మనిషి విలువ కట్టే మాటలు మన భాషలో కావలసినన్ని ఉన్నాయి: ముత్తయిదువ, పునిస్త్రీ, పసుపుకుంకుమలు, మొగుడొదిలేసింది. వీటిలో దేనికీ మగవాడి వైపు సరిజోడు లేదు. భర్త పోయిన మర్నాటినుంచి అదే మనిషి పేరంటానికి పనికిరాదు, సొంత కూతురి పెళ్లిలో వెనక వరసలో నిలబడాలి. ఆ దుఃఖాన్ని భర్త పోయిన దుఃఖం ఖాతాలో రాయడం అన్యాయం. 1856లో వితంతు పునర్వివాహాలకు చట్టం వచ్చినా, తెలుగునాట దానికి ప్రాణం పోయడానికి పాతికేళ్లు పట్టింది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహానికి వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు కూడా రాకపోతే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మే ఆ పనులన్నీ నెత్తినేసుకుంది. అదే రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. యుక్తవయసు వచ్చాక ఆమె ఆ బంధాన్ని వద్దనుకుంది, చదువుకుంది, 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించింది, 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌ను తన ఇష్టంతో పెళ్లాడింది. ఆమె జీవితంలోని ఈ మూడు దశలనూ వైవాహిక స్థితి గడి ఎలా నింపుతుందో ఆలోచిస్తే ఆ గడి ఎంత ఇరుకైనదో అర్థమవుతుంది.

2011 జనాభా లెక్కల్లో వితంతువులు సుమారు 4.3 కోట్లు, విధురులు సుమారు 1.2 కోట్లు. భర్తలు వయసులో పెద్దవారు కావడం, ఆడవారు ఎక్కువకాలం బతకడం, మగవారు మళ్లీ పెళ్లి చేసుకోవడం ఈ తేడాకు కారణాలు. విడాకులు పొందినవారినీ విడిగా ఉంటున్నవారినీ వేరువేరుగా లెక్కించింది కూడా ఆ ఏడాదే. కోర్టుకెక్కకుండా విడిగా ఉంటున్నవారు విడాకులు పొందినవారికి దాదాపు మూడు రెట్లని తేలింది. చట్టం కంటికి భార్య, ఊరి కంటికి మొగుడొదిలేసింది, రేషన్ కార్డులో ఎక్కడా కుదరని మనిషి. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు నెలకు వెయ్యి రూపాయల పింఛను ప్రారంభించడం ఇలాంటి వారి ఉనికిని కాగితం మీద ఒప్పుకున్న తొలి అడుగుల్లో ఒకటి. సంతోషం మీద పెళ్లి ప్రభావం అని లెక్కగట్టేదానిలో సొంత ఆదాయం ఎంత, తలదాచుకునే చోటు ఎంత అన్నవి కూడా తీసి చూడాలి.

పెళ్లి చేసుకోనివారు

బెల్లా డిపాలో అనే అమెరికన్ మనస్తత్వవేత్త 2006లో 'సింగిల్డ్ అవుట్' పుస్తకంలో ఒక పద్ధతి లోపాన్ని ఎత్తిచూపింది. ఇప్పుడు పెళ్లిలో ఉన్నవారిని మిగిలిన అందరితో పోలిస్తే, చేసుకుని దెబ్బతిని బయటికొచ్చినవారి బాధ కూడా పెళ్లి కానివారి పక్షాన పడుతుంది. పెళ్లి చేసుకున్న వారందరినీ, విడిపోయినవారితో సహా, ఒకవైపు పెట్టి ఎన్నడూ చేసుకోనివారిని రెండోవైపు పెడితే తేడా బాగా తగ్గుతుంది. ఈ విమర్శ న్యాయమైనది, చాలా అధ్యయనాలు దీనికి ఇంకా సరిగా జవాబు చెప్పలేదు.

మనదేశంలో 15–29 ఏళ్లవారిలో పెళ్లి కానివారి వాటా 2011 నుంచి 2019 నాటికి పెరిగిందని కేంద్ర గణాంక శాఖ లెక్క. వీరు రోజూ ఎదుర్కొనేవి చిన్నవిగా కనిపించే సంగతులే. ప్రతి పెళ్లిలోనూ 'పప్పన్నం ఎప్పుడు పెడతావు?' అన్న ప్రశ్న. హైదరాబాద్ సందుల్లో టులెట్ బోర్డు కింద 'ఓన్లీ ఫ్యామిలీస్' అన్న మాట. ఆస్పత్రిలో సంతకానికి 'మీవారెవరైనా ఉన్నారా?' అన్న అన్వేషణ. ఇవన్నీ సర్వేలో నిచ్చెన మెట్టుగా మారి 'ఒంటరివారికి తృప్తి తక్కువ' అన్న వాక్యంగా అచ్చవుతాయి.

ఇక్కడి ప్రశ్నకు ఇక్కడి జవాబు కావాలంటే, ఇక్కడి మనుషుల వెంటే ఏళ్ల తరబడి నడవాలి. అలాంటి ప్రయత్నం ఒకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002లో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుని, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్‌లలో సుమారు 3,000 మంది పిల్లల బతుకులను అప్పటినుంచీ నమోదు చేస్తోంది. వారిలో పెద్ద పిల్లలు 1994–95లో పుట్టినవారు. 19 ఏళ్లు వచ్చేసరికే ఆ అమ్మాయిల్లో మూడోవంతు మందికి పైగా పెళ్లయింది. అబ్బాయిల్లో అలాంటివారు ఏ కొద్దిమందో. చిన్న పిల్లలు 2001–02లో పుట్టినవారు, ఇప్పుడిప్పుడే సంబంధాలు చూస్తున్న వయసులో ఉన్నారు. పెళ్లికి ముందు వారు ఏ మెట్టు మీద ఉన్నామని చెప్పారో ఆ కాగితాల్లో ఇప్పటికే రాసి ఉంది.